ఎదురీదే చేపకు దారి



మా భూగోళం సారు దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. పాఠం చెప్పేటప్పుడు ఆయన గోడకు తగిలించిన పటం దగ్గరే ఆగేవారు కాదు. మహాబలేశ్వరం కొండల్లో పుట్టిన నీరు మట్టపల్లి రేవుకు ఎలా వస్తుందో, హైదరాబాదు మీదుగా వచ్చిన మూసీ వాడపల్లిలో కృష్ణను ఎక్కడ కలుస్తుందో, నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు మన మడిలోకి ఎలా దిగుతాయో వరసగా చెప్పించేవారు. ఆయన పేరున జరిగే ఈ సభలో మాట్లాడమని అడిగినప్పుడు నది తప్ప ఇంకో విషయం నాకు తోచలేదు. కృష్ణ నీళ్ళ గురించి ఈ ప్రాంతంలో మాట్లాడని మనిషి లేడు. ఎన్ని టీఎంసీలు, ఎవరి వాటా ఎంత, ఏ తేదీన వదులుతారు అన్నది టీకొట్టు దగ్గర కూడా లెక్క తప్పకుండా చెప్తారు. ఆ నీళ్ళలో బతికే చేప ఏమైందని మాత్రం మనం అడగలేదు. ఈరోజు నేను అడగదలచుకున్నది అదే.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. సాగర్ మీద ఫిర్యాదు చేయడానికి నేను ఇక్కడ నిలబడలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు రాకముందు ఈ నేల మీద మెట్టపైర్లు తప్ప వేరే ఆశ లేదు. హుజూర్‌నగర్, మిర్యాలగూడ, కోదాడలో ఈరోజు నడుస్తున్న ప్రతి రైస్ మిల్లూ, ఆ మిల్లుల డబ్బుతో చదువుకున్న ప్రతి పిల్లా ఆ గోడకు రుణపడి ఉన్నారు. నేనూ ఆ అన్నం తిన్నవాణ్ణే. చేప గురించి అడగాల్సిన బాధ్యత మనదే అని నేను అనడం కూడా అందుకే. ఆనకట్ట వల్ల ఏమీ రానివాడు అడిగితే అది వ్యతిరేకత అవుతుంది. ఆయకట్టు రైతు అడిగితే దాని బరువు వేరు.

చేపకు నీళ్ళు ఉంటే చాలు కదా, జలాశయంలో కావలసినన్ని నీళ్ళున్నాయి కదా అని చాలామంది అనుకుంటారు. నది చేపకు నీళ్ళొక్కటే చాలవు. ఆ నీళ్ళు కదలాలి. సమయానికి రావాలి. దారి తెగకుండా ఉండాలి. కృష్ణలో పెరిగే గండె లాంటి చేపలు తొలకరి తర్వాత వచ్చే మొదటి ఎర్రనీటిని పసిగట్టి పైకి ఎదురీదుతాయి. గట్లు దాటి పల్లాల్లో పరచుకున్న కొత్తనీటిలో గుడ్లు వదులుతాయి. ఆ గుడ్లు ప్రవాహంలో తేలుతూ పోతూ పిల్లలవుతాయి. ప్రవాహం ఆగితే గుడ్డు అడుక్కి దిగి బురదలో ఊపిరాడక చచ్చిపోతుంది. ఇప్పుడు మన నదిని చూడండి. పైన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం నిండాకే సాగర్‌కు నీళ్ళు. సాగర్ నిండాకే కిందికి. జూన్ నెలాఖరులో రావాల్సిన ఎర్రనీరు ఆగస్టులోనో సెప్టెంబరులోనో వస్తుంది. కొన్నేళ్ళు గేట్లే ఎత్తరు. చేప ఒంట్లో ఉన్న కాలం, నదిలో మనం నడిపే కాలం వేరైపోయాయి.

దారి సంగతి ఇంకా కష్టం. శ్రీశైలం, నాగార్జునసాగర్, సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్, పులిచింతల, విజయవాడ ప్రకాశం బ్యారేజీ. సముద్రం నుంచి పైకి రావాలనుకున్న జీవికి అయిదు తలుపులు, అయిదూ మూసే ఉంటాయి. మలుగుపామును చాలామంది ఏటి పాము అనుకుంటారు కానీ అది చేప. దాని జన్మస్థానం హిందూ మహాసముద్రపు లోతు. అద్దంలా పారదర్శకంగా ఉండే పిల్లగా నదీముఖంలోకి వచ్చి, ఏళ్ళ తరబడి నదిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ సముద్రానికే పోతుంది. నది రొయ్యదీ ఇలాంటి ప్రయాణమే. మంచినీటిలో పెరిగి, పిల్లలు బతకడానికి ఉప్పు కలిసిన నీరు వెతుక్కుంటూ డెల్టా దాకా దిగాలి, ఆ పిల్లలు మళ్ళీ ఎక్కి రావాలి. ఈ రెంటికీ మన నది ఇప్పుడు ముక్కలు ముక్కలు.

ఇది కొత్తగా తెలిసిన విషయం కాదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. 1855కు విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు నిండకముందే ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు వైద్యాధికారి దేశంలోని మంచినీటి చేపలన్నిటినీ తిరిగి చూసి 1873లో నివేదిక ఇచ్చాడు. ఆనకట్టలు చేపల రాకపోకలను అడ్డుకుంటున్నాయని, వాటికి దారి వదలాలని అందులో రాశాడు. అంటే నూట యాభై ఏళ్ళ కిందటే ప్రభుత్వానికి తెలుసు. తెలిసీ మనం ఒక్కో గోడా కట్టుకుంటూ వచ్చాం.

ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను. అమెరికా పడమటి ఒడ్డున క్లామత్ అని ఒక నది ఉంది. ఆరెగన్ రాష్ట్రంలో పుట్టి, కాలిఫోర్నియా ఉత్తరపు కొండల్లోంచి పారి పసిఫిక్ సముద్రంలో కలుస్తుంది. పొడవు నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకే, మన కృష్ణలో మూడో వంతు కూడా ఉండదు. దాని ఒడ్డున తరతరాలుగా క్లామత్, మోడక్, షాస్తా, కారుక్, యూరోక్ అనే ఆదివాసీ జాతులు ఉన్నాయి. ఉపనది మీద హూపా వాళ్ళున్నారు. వాళ్ళకు సాల్మన్ చేప తిండి, పండుగ, పూజ. సాల్మన్ సముద్రంలో పెరిగి, తాను పుట్టిన ఏటికే తిరిగి ఎక్కివచ్చి, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ నది మీద 1918 నుంచి 1962 దాకా ఒకదాని తర్వాత ఒకటి నాలుగు విద్యుత్తు ఆనకట్టలు లేచాయి. కోప్కో ఒకటి, కోప్కో రెండు, జె.సి. బాయిల్, ఐరన్ గేట్. 1912లో మొదటి పనులు మొదలైనప్పటి నుంచి సాల్మన్ ఆరెగన్ వైపు పైభాగానికి చేరలేదు.

ఆ ఆదివాసులకు హక్కు కూడా తేలిగ్గా రాలేదు. 1969లో రేమండ్ మాట్జ్ అనే యూరోక్ జాలరి వలలను అధికారులు పట్టుకుపోయారు. సొంత నదిలో వల వేయడం నేరమైంది. ఆయన కోర్టుకెక్కాడు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు అది ఇంకా ఆదివాసుల నేలే అని తీర్పు చెప్పింది. ఈ తీర్పును గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. తర్వాత వాళ్ళు ఏ బల్ల దగ్గర కూర్చున్నా, ఏ కంపెనీతో మాట్లాడినా, ఆ కాగితమే వాళ్ళ చేతిలో ఉంది.

మన ఆయకట్టు మనిషికి బాగా అర్థమయ్యే కథ 2001, 2002లో జరిగింది. క్లామత్ పైభాగంలో రెండు లక్షల ఎకరాలకు పైగా సాగునీటి ప్రాజెక్టు ఉంది. 2001లో కరువొచ్చింది. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న చేపల కోసం చట్టం ప్రకారం రైతులకు నీళ్ళు ఆపేశారు. పైర్లు ఎండిపోయాయి. రైతులు వీధికెక్కారు, కాలువ తలుపుల దగ్గర బైఠాయించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం రైతుల వైపు తిరిగి నీళ్ళు వదిలింది. 2002 సెప్టెంబరులో కింది నది సన్నగిల్లి వేడెక్కింది. చేపలు గుమిగూడి జబ్బు పాకింది. మొప్పలు కుళ్ళిపోయి సాల్మన్లు చచ్చి తేలాయి. తక్కువలో తక్కువ 34,000 అని లెక్క తేల్చారు, అంతకు రెట్టింపు కూడా కావచ్చన్నారు. నది నోటి దగ్గర యూరోక్ ముసలివాళ్ళు అంతకు ముందెన్నడూ చూడని దృశ్యమది. రైతుకూ న్యాయం ఉంది, చేపకూ న్యాయం ఉంది. నీళ్ళు మాత్రం ఒకటే. చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి ఎవరూ వివరించాల్సిన పనిలేదు.

ఆ చావుల తర్వాత ఆదివాసుల పోరాటం ఆనకట్టల మీదికి తిరిగింది. ఆనకట్టల యజమాని అప్పట్లో ఒక స్కాట్లండ్ కంపెనీ. 2004లో వీళ్ళు సముద్రం దాటి ఆ కంపెనీ వాటాదార్ల సమావేశం దాకా వెళ్ళి తమ గోడు చెప్పుకున్నారు. తర్వాత యాజమాన్యం వారెన్ బఫెట్ కంపెనీకి మారితే ఒమాహాలో ఏటా జరిగే ఆ సమావేశాల దగ్గరా నిలబడ్డారు. 2010లో ఒక ఒప్పందం కుదిరింది. అమెరికా పార్లమెంటు దాన్ని ఆమోదించక వదిలేసింది. 2016లో మళ్ళీ రాసుకున్నారు. 2022 నవంబరులో అనుమతి వచ్చింది. దాదాపు 45 కోట్ల డాలర్ల ఖర్చులో కొంత విద్యుత్తు వినియోగదారుల బిల్లుల నుంచి, కొంత కాలిఫోర్నియా రాష్ట్ర బాండ్ల నుంచి వచ్చింది. కంపెనీ ఎందుకు ఒప్పుకుందో కూడా చెప్పాలి. లైసెన్సు పొడిగించాలంటే చేపలకు దారి కట్టాలన్న షరతు పడింది. ఆ దారి కట్టడం కంటే ఆనకట్ట తీసేయడమే చవక అని లెక్కలు తేల్చాయి. ఆ షరతు పడేలా చేసింది మాత్రం ఆ జాతులు దశాబ్దాల పాటు వదలకుండా పట్టుకున్న హక్కే.

2023లో కోప్కో రెండు కూల్చారు. 2024 జనవరిలో మిగతా జలాశయాల నీళ్ళు వదిలారు. ఏటి రంగు మారిపోయింది. అంతా సాఫీగా జరగలేదు. ఆ ఫిబ్రవరి నెలాఖరులో హేచరీ నుంచి వదిలిన సుమారు 8,30,000 సాల్మన్ పిల్లలు ఐరన్ గేట్ సొరంగం దాటుతూ నీటి ఒత్తిడి మార్పులకు చనిపోయాయి. నది దారి తెరవాలంటే అడుగడుగునా జాగ్రత్త కావాలని అక్కడి శాస్త్రవేత్తలూ నేర్చుకున్నారు. అక్టోబరు మొదట్లో చివరి ఆనకట్ట పని ముగిసింది. నెల తిరక్కముందే, అక్టోబరు 16న, ఆరెగన్‌లోని ఒక ఉపనదిలో సాల్మన్ కనిపించింది. 1912 తర్వాత అక్కడ అదే మొదటిసారి. ఎవరూ పట్టి తెచ్చి వదిలింది కాదది. తానే దారి కనుక్కుని వచ్చింది. మునిగి తేలిన నేల మీద నాటడానికి యూరోక్ వాళ్ళు దాదాపు వంద రకాల స్థానిక మొక్కల విత్తనాలు ఏళ్ళ ముందు నుంచే ఏరి, నర్సరీల్లో పెంచి, వెయ్యి కోట్లకు పైగా సిద్ధం చేసి పెట్టుకున్నారు. 2025 వేసవిలో ఆ జాతుల పిల్లలు తెడ్డు వేసుకునే పడవల్లో నది పైనుంచి సముద్రం దాకా వచ్చారు.

ఈ కథ వింటే మనకూ అలా ఏదైనా కూల్చాలని అనిపించవచ్చు. నేను అలా అనను. అక్కడ తీసేసిన నాలుగింటిలో ఒక్కటి కూడా పొలాలకు నీళ్ళివ్వలేదు. అవి విద్యుత్తుకే. సాగునీటికి ఉన్న కట్టలను వాళ్ళూ ఉంచుకున్నారు. సాగర్ జలాశయంలో ఇప్పుడు 312 టీఎంసీలు పడతాయి, దాని మీద రెండు కాలువల కింద లక్షల ఎకరాలు ఉన్నాయి. దాన్ని తీయమనడం కాదు, దాన్ని నడిపే తీరు మార్చమనడం మన దగ్గర న్యాయమైన కోరిక. క్లామత్ దగ్గర మనం నేర్చుకోవాల్సింది గోడ పగలగొట్టడం కాదు. ఆ నిర్ణయంలో మొదటి కుర్చీ ఎవరికి దక్కింది, ఎలా దక్కింది అన్నది.

మన దగ్గర ఆ కుర్చీ ఎవరిది? నల్లమలలో కృష్ణ ఒడ్డున చెంచులు ఉన్నారు. ఆస్ట్రియాకు చెందిన హైమెన్‌డార్ఫ్ 1943లో వాళ్ళ మీద పుస్తకమే రాశాడు. దుంపలు, తేనె, అడవి పండ్లు వాళ్ళకు ముఖ్యం. నది దగ్గరున్న పెంటలనే గూడేల వాళ్ళకు చేప కూడా. మైదానంలో బెస్తలు, గంగపుత్రులు, ముదిరాజులు ఉన్నారు. వీళ్ళకు నదిలో ఏ మడుగులో ఏ నెలలో ఏ చేప ఉంటుందో తెలుసు. జలాశయం పని చేసే లెక్కలు ఇంజినీరుకు తెలుసు. ఈ రెండు తెలివిడులు ఒక బల్ల దగ్గర కూర్చున్న దాఖలా నేను చూడలేదు.

హక్కు అనే మాటకు మన దగ్గర కాగితం లేకపోలేదు. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో, నీటి వనరుల్లోని చేపల మీద, ఇతర ఉత్పత్తుల మీద అడవి వాసులకు సాముదాయిక హక్కు ఉంటుందని రాసింది. అదే సెక్షన్ తమ వనరులను కాపాడుకునే హక్కునూ ఇచ్చింది. చెంచుల లాంటి అత్యంత బలహీన వర్గాలకు ఆవాస హక్కు ఇవ్వాలని కూడా ఉంది. నల్లమల కృష్ణ ఒడ్డు, ఆ చట్టం వర్తించే అడవి. 1973లో మాట్జ్‌కు దక్కిన తీర్పు లాంటిది మనకు ఈ సెక్షన్‌లో ఉంది. అయితే వలకు ఆ హక్కును వర్తింపజేసి, దాని మీద నిలబడి, సాగర్ నీళ్ళు ఎప్పుడు వదలాలో మాట్లాడే రోజు ఇంకా రాలేదు. క్లామత్ మీద పోరాటం అయిదు దశాబ్దాలు సాగింది. మన దగ్గర ఆ లెక్క మొదలే కాలేదు.

మొదలు కాకపోగా ఉన్నదీ పోతోంది. శ్రీశైలం వెనుక నీళ్ళలో సోమశిల వైపు వెళ్ళి చూడండి. అక్కడ అలివి వలల గొడవ ఏళ్ళుగా నడుస్తోంది. దోమతెరలా సన్నటి కన్నున్న పెద్ద వలతో నీళ్ళను చుట్టి ఒడ్డుకు లాగుతారు. చిన్న పిల్ల కూడా తప్పించుకోదు. అవి ఎండుచేపలై సంతకు పోతాయి. స్థానిక జాలరి రెండేళ్ళ తర్వాత పట్టాల్సిన చేప పిల్లగా ఉన్నప్పుడే ఎండిపోతుంది. ఆ వల వాడకూడదని నిబంధన ఉంది. అయినా ఆగడం లేదు. వల లాగేవాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. వాళ్ళలో ఎక్కువమంది తూర్పు తీరం నుంచి అప్పు తీర్చుకోవడానికి వచ్చిన పేదలు, ముందుగా తీసుకున్న డబ్బుకు చిక్కుకున్నవాళ్ళు. డబ్బు పెట్టినవాడు ఒడ్డున కనిపించడు.

ఇంకో సంగతి కొంచెం ఇబ్బందిగానే చెప్తున్నాను. ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలు పంపిణీ చేస్తోంది. చెరువుల మీద బతికే కుటుంబాలకు దానివల్ల మేలు జరిగింది, కాదనను. కానీ ఆ సంచుల్లో వచ్చే రవ్వ, మృగాల, బంగారుతీగలలో కృష్ణకు పుట్టినవి లేవు. రవ్వ గంగా నది చేప. బంగారుతీగ వేరే దేశాల నుంచి వచ్చింది. చెరువులో వాటిని పెంచడం వేరు, అవే నదిలో నిండితే నదికి బతుకొచ్చింది అనుకోవడం వేరు. నదిలో తిలాపియా, ఆఫ్రికా నుంచి వచ్చిన క్యాట్‌ఫిష్ కూడా చేరిపోయాయి. నది బతకడమంటే వలలో పడిన బరువు ఎక్కువ కావడం కాదు.

అయితే కృష్ణకు సొంత చేపలేవి? వెతికితే చాలా దూరం పోవాలి. కర్నల్ సైక్స్ అనే సైన్యాధికారి పుణె పరిసరాల నదుల్లోని చేపలను చూసి 1839లో పేర్లు పెట్టాడు. అందులో దక్కన్ మహసీర్ ఒకటి, దాన్ని చూసిన చోటు ములా-ముఠా నది. ఆ నీరు భీమలో కలిసి మన కృష్ణకు వస్తుంది. గండెలకు దగ్గరి చుట్టమైన పోతిల్ ఇంకొకటి. మూడోది వెండిలా మెరిసే వేటచేప, శాస్త్రంలో సిలోనియా చిల్డ్రెని, కృష్ణా గోదావరి కావేరుల్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. ఇవాళ అది అంతరించే ముప్పున్న చేపల జాబితాలో ఉంది. వీటితోపాటు వాలుగ, కొర్రమీను, మలుగు, జెల్లలు, పరకలు. కొర్రమీను మన రాష్ట్ర చేప కూడా. ఈ పట్టికలో ఏది మన రేవుల్లో ఇంకా ఉంది, ఏది ఎప్పుడు చివరిసారి పడింది అన్న లెక్క ఒడ్డున ఉండే ముసలి జాలరుల నోటిలోనే ఉంది. వాళ్ళు పోతే అది కూడా పోతుంది.

ఇక్కడ నాకు ఒక పోలిక గుర్తొస్తోంది. సాగర్ నిండే ముందు నాగార్జునకొండ లోయను 1954 నుంచి ఆరేళ్ళు తవ్వారు. మన జిల్లా వైపు ఏలేశ్వరం కూడా తవ్వారు. ఇక్ష్వాకుల స్తూపాలు, శిలలు ఒక్కొక్కటి లెక్కపెట్టి ఎత్తైన చోటికి చేర్చి కొండ మీద మ్యూజియం కట్టారు. అది గొప్ప పని, దాన్ని చేసినవాళ్ళకు దండం పెట్టాలి. ఆ లోయలో పారే నీటిలో ఏ జీవాలున్నాయో అంత ఓపికగా లెక్కరాసి ఉంటే ఈరోజు మన చేతిలో ఒక మొదటి పేజీ ఉండేది. జాబితా చేయడానికి శిలకు కుదిరిన శ్రద్ధ చేపకు కుదరలేదు. ఇప్పుడైనా కుదరాలి.

మన నదీ వ్యవస్థలోనే దారి చూపిన చోట్లు రెండున్నాయి. ఒకటి శృంగేరి. తుంగ ఒడ్డున మఠం దగ్గర పెద్ద పెద్ద మహసీర్లు జనం వేసే మరమరాలకు పోగవుతాయి. ఎవరూ వల వేయరు. తుంగభద్ర మన కృష్ణలోనే కలుస్తుంది. అంటే శృంగేరి నీరు మన నీరే. రెండోది లోనావాలా. అక్కడ టాటా విద్యుత్తు సంస్థ 1970ల నుంచి దక్కన్ మహసీర్‌ను పుట్టించి నదుల్లో, జలాశయాల్లో వదులుతోంది. ఆనకట్ట కట్టినవాళ్ళే ఆ పని చేస్తున్నారు. ములా లోయలో అదే సంస్థ ఆనకట్టకు భూమి పోయిన రైతులు 1921లో ముల్షీ సత్యాగ్రహం చేశారన్నదీ చెప్పుకోవాలి. ఒక బాధకు మందు ఇంకో బాధను మరిపించదు. కానీ చేపను పుట్టించడం చేతనవుతుందని లోనావాలా చూపింది. కాపాడటం చేతనవుతుందని శృంగేరి చూపింది. దేవుడి పేరున ఒక మడుగు కాపాడటం మనకు కొత్త కాదు. మట్టపల్లి నరసింహస్వామి ఉన్న ఒడ్డున, వాడపల్లి సంగమం దగ్గర, అలాంటి మడుగులు ఏర్పాటు చేయడానికి ఆలయాలూ ఊళ్ళూ ముందుకు రావాలి.

మట్టపల్లి దగ్గర ఒక చిక్కుంది. పులిచింతల రాకతో అక్కడి నీళ్ళు చాలావరకు నిలిచిన నీళ్ళయ్యాయి. 45.77 టీఎంసీల ఆ జలాశయం మట్టంపల్లి, మేళ్ళచెరువు మండలాల ఊళ్ళను ముంచింది. ఊళ్ళు పోయినవాళ్ళ దగ్గర చేప మాట ఎత్తడానికి నాకు మాట తడబడుతుంది. వాళ్ళ బాధ ముందుది. అయితే వాళ్ళలో చాలామంది ఇప్పుడు ఆ నీళ్ళలోనే వల వేసి బతుకుతున్నారన్నది కూడా నిజం. వెనుక నీళ్ళకు పైన, సత్రశాల కింద నుంచి కొంత మేర, కృష్ణ ఇంకా ఏరులా పారుతుంది. మూసీ వచ్చి కలిసేదీ ఆ భాగంలోనే. మూసీ నీరు శుభ్రపడితే, అక్కడి గులకరాళ్ళు, పల్లాలు చేపకు పుట్టిల్లు కావడానికి వీలుంది. మూసీలోకి హైదరాబాదు మురుగు వదలడం ఆపే దాకా ఆ మాట ఉత్త మాటే. ఆ పోరాటాన్ని నల్లగొండ జిల్లా ప్రజలు ఇప్పటికే మొదలుపెట్టారు.

నీళ్ళ వాటా మాట కూడా రావాలి. బచావత్ ట్రిబ్యునల్ 1973లో కృష్ణ నీళ్ళను 2060 టీఎంసీలుగా లెక్కగట్టి మూడు రాష్ట్రాలకు పంచింది. ఆ పంపకంలో నదికి ఒక్క టీఎంసీ కూడా రాయలేదు. తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ తీర్పులో కనీస ప్రవాహం కోసం కొన్ని టీఎంసీలు పక్కన పెట్టే మాట వచ్చింది. ఆ తీర్పు సుప్రీంకోర్టు కేసుల్లో చిక్కి ఇప్పటికీ అమలు కాలేదు. కరువు ముంచిన 2001 నుంచి 2004 మధ్య కృష్ణ సముద్రానికి దాదాపు చేరనే లేదు. అన్నీ పంచేసుకున్న తర్వాత నదికి వాటా ఎక్కడ నుంచి వస్తుందని మీరు అడగవచ్చు. ఎక్కువ అక్కర్లేదు. తొలకరిలో పైనుంచి వచ్చే నీటిలో కొంత, వరద తల నిలిచేటట్టు, కొద్దిరోజులపాటు, ముందుగా చెప్పి వదిలితే చాలు. సాగర్‌కు విద్యుత్తు కేంద్రం ఉంది, 815.6 మెగావాట్లు. నీళ్ళు ఎలాగూ టర్బైన్ల గుండా పోతాయి. వాటిని చేప కాలానికి సరిపోయేలా అమర్చడం, ఒక గంటలో పెంచి మరో గంటలో దించకుండా ఉండటం యంత్రానికి అసాధ్యం కాదు. కొత్త ఆనకట్టలకు చేపదారులు కడుతున్నారు, గోదావరి మీద పోలవరంలో పులస కోసం కట్టారు. పాతవాటికి అడిగే తరుణం ఎప్పుడైనా వస్తుంది. ఆ తరుణం వచ్చేలోగా చేయాల్సింది నీటి వేళ మార్చుకోవడమే.

కాబట్టి ఇవాళ సభ ముందు నా కోరికలు ఇవి. ఎడమ కాలువ ఎప్పుడు తెరవాలో తేల్చే సాగునీటి సలహా సమావేశానికి నీటి వినియోగదారుల సంఘాల నాయకులు వెళ్తారు. ఈ హాల్లో వాళ్ళు ఉన్నారు. అక్కడ ఈసారి తొలకరి నీటిలో చేపకు కొన్ని రోజులు అడగండి. మీ పక్కన మట్టపల్లి, వాడపల్లి రేవుల్లో వల వేసే సంఘాల నుంచి ఒకరిని కూర్చోబెట్టుకోండి. నల్లమల నుంచి చెంచు పెద్దను కూడా పిలవమని అధికారులను అడగండి. అలివి వల మీద నిషేధం మీ మండలంలో అమలవుతోందో లేదో తెలుసుకునే హక్కు మీకుంది. కలెక్టరు కార్యాలయంలో రాసి అడగండి.

ఇంకొకటి బడిపిల్లలతో అయ్యే పని. ఒక నోటు పుస్తకం తీసుకుని మట్టపల్లి రేవు దగ్గర, వాడపల్లి సంగమం దగ్గర పాత జాలరులను కూర్చోబెట్టి, వాళ్ళు చిన్నప్పుడు పట్టిన చేపల పేర్లు, వాటి రంగు, ఏ నెలలో పడేవి, ఎప్పటి నుంచి పడటం మానేశాయి అని రాసుకోవాలి. గండె, వాలుగ, మలుగు, జెల్ల అని మొదలుపెడితే వాళ్ళే మిగతావి చెప్తారు. సారు ఉన్న రోజుల్లో ఆయనే ఈ పని తన క్లాసుకు పెట్టేవారని నాకు నమ్మకం. ఈ వేసవి సెలవుల్లో ఆ పని మొదలుపెడదాం. జులైలో నీళ్ళ సమావేశం జరిగేటప్పటికి ఆ నోటు పుస్తకం కలెక్టరు బల్ల మీద ఉండాలి.